చిన్న గదిలో పెద్ద విద్వాంసులు: అమెరికాలో రూట్స్ సంగీత కచేరీకి ఎలా వెళ్ళాలి

అమెరికాలో సంగీత కచేరీ అనగానే మనవాళ్ళలో చాలామందికి వేలమంది పట్టే స్టేడియం గుర్తుకు వస్తుంది. పార్కింగ్ కోసం గంటసేపు తిరగడం, ఎక్కడో దూరాన చీమంత కనిపించే గాయకుణ్ణి పక్కనున్న తెర మీద చూసుకోవడం అందులో భాగం. ఆ దేశపు సొంత సంగీతం మాత్రం, అంటే దక్షిణాది నల్లజాతివారి బ్లూస్, బాంజో, ఫిడిల్, మాండొలిన్‌ల బ్లూగ్రాస్, పాత కంట్రీ, ఫోక్ (జానపదం), లూజియానా ఫ్రెంచివారి కేజన్, న్యూ ఆర్లీన్స్ జాజ్ వంటివన్నీ కలిపి రూట్స్ సంగీతం అని పిలుచుకునేది, ఈనాటికీ వంద, నూటయాభై మంది పట్టే గదుల్లోనే బాగా వినిపిస్తుంది. అక్కడ డెబ్బై, ఎనభై ఏళ్ళ విద్వాంసులు గిటారు ఒడిలో పెట్టుకుని, మీకు పదిపన్నెండు అడుగుల దూరంలో కూర్చుని పాడతారు. అలాంటి కచేరీని ఎలా వెతుక్కోవాలో, టికెట్టు ఎలా కొనాలో, లోపలికి వెళ్ళాక ఎలా మసలుకోవాలో అమెరికాలో ఉంటున్నవారికీ, పిల్లల దగ్గర కొన్ని నెలలు గడపడానికి వచ్చే తల్లిదండ్రులకూ ఉపయోగపడేలా ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందు గది, తరువాత పేరు

ఎవరి కచేరీకి వెళ్ళాలన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఏ గదికి వెళ్ళాలన్నది ముందు తేల్చుకోండి. ఒకే విద్వాంసుడు శుక్రవారం ఒక బారులో, శనివారం ఒక లిజనింగ్ రూములో పాడితే అవి రెండు వేర్వేరు కచేరీలే అవుతాయి. బారులో టీవీలో ఆట నడుస్తూ ఉంటుంది, కౌంటరు దగ్గర గ్లాసుల చప్పుడు ఆగదు, పాట ఎవరి మాటలకో వెనక వినిపించే సందడిగా మిగిలిపోతుంది. లిజనింగ్ రూము అని పేరు పడిన చోట పాట సాగుతున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదన్నదే నియమం, ఆ నియమాన్ని నిర్వాహకులే కాక పక్క కుర్చీలో ఉన్న శ్రోత కూడా అమలు చేస్తాడు. వయసుతో గొంతు సన్నబడిన గాయకుడికి ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే గట్టిగా పాడి జనాన్ని తనవైపు తిప్పుకునే దశ ఆయనకు ఎప్పుడో దాటిపోయింది.

ఈ గదుల వెనక ఒక చరిత్ర ఉంది. 1920లలో, 1930లలో గ్రామఫోను రికార్డులు ఇచ్చి, తరువాత ఎవరికీ పట్టకుండా పోయిన దక్షిణాది నల్లజాతి విద్వాంసులను 1960ల మొదట్లో సంగీతాభిమానులైన కుర్రవాళ్ళు ఊరూరా వెతికి పట్టుకున్నారు. 1928లో రికార్డు చేసిన మిసిసిపీ జాన్ హర్ట్ ఆచూకీ 1963లో అవలాన్ అనే పల్లెలో దొరికింది. ఆ ఊరి పేరు ఆయన తన పాటలోనే చెప్పుకున్నారు, వెతికినవారికి ఆ మాటే ఆధారమైంది. సన్ హౌస్ మరుసటి సంవత్సరం న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరంలో కనిపించారు. వారు ఆ తరువాతి సంవత్సరాలలో పెద్ద ఉత్సవాలతోపాటు కాలేజీ పట్టణాల కాఫీహౌస్‌లలో కూడా పాడారు. ముందు వరుసల్లో కూర్చుని వారి వేళ్ళ కదలికను కళ్ళార్పకుండా చూసిన తరం కుర్రవాళ్ళే ఇప్పటి వృద్ధ విద్వాంసులు. 1941లో పుట్టిన టామ్ రష్, 1940లో పుట్టిన జిమ్ క్వెస్కిన్, 1944లో పుట్టిన క్రిస్ స్మిదర్ ఆ తరంవారు. ఈ వరుస తెలిసి వెళితే, వేదిక మీద ఉన్న పెద్దాయన తన గురువు ప్రస్తావన ఎందుకు తెస్తున్నారో మీకు వెంటనే అర్థమవుతుంది.

మీకు దగ్గరలో ఉన్న గది ఏదో చూసుకోండి. బోస్టన్ వైపు ఉన్నవారికి కేంబ్రిడ్జ్‌లో హార్వర్డ్ స్క్వేర్ పక్కన క్లబ్ పాసిమ్ ఉంది. 1958లో క్లబ్ 47 అన్న పేరుతో మొదలైన ఈ సంస్థ నేలమాళిగలో, ఒక మోస్తరు తరగతి గదిని మించని చోట నడుస్తుంది. గాయని జోన్ బయెజ్ ఎవరికీ తెలియని రోజుల్లో పాడింది ఈ సంస్థ తొలి చోటులోనే. న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర భాగంలో, సారటోగా స్ప్రింగ్స్‌లో 1960లో తెరిచిన కఫే లీనా ఇప్పటికీ నడుస్తోంది. మిషిగన్‌లో ఆన్ ఆర్బర్ పట్టణపు ది ఆర్క్ 1965 నాటిది. అది నాలుగు వందల కుర్చీల హాలు కాబట్టి కాస్త పెద్దదే, అయినా వినే క్రమశిక్షణలో దేనికీ తీసిపోదు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు మనవారికి బర్క్‌లీలోని ఫ్రెయిట్ అండ్ సాల్వేజ్ అందుబాటులో ఉంది.

నాకు వీటన్నిటిలో ఎక్కువ ఇష్టమైనది లాస్ ఏంజెలెస్ దగ్గర శాంటా మోనికాలోని మెకేబ్స్ గిటార్ షాప్. పేరుకు తగ్గట్టే అది నిజంగా గిటార్లు అమ్మే, బాగుచేసే దుకాణం. 1958లో తెరిచారు, 1969 నుంచి వెనక గదిలో కచేరీలు పెడుతున్నారు. సుమారు నూటయాభై మడత కుర్చీలు, గోడల నిండా వేలాడే గిటార్లు, బాంజోలు, మధ్యలో ఒక చిన్న వేదిక. అక్కడి తొలి కచేరీ ఎలిజబెత్ కాటెన్ కోసం ఏర్పాటైంది. ఆమె ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి గిటారును తీగలు మార్చకుండానే తిరగేసి పట్టుకునేవారు, అందువల్ల ఇతరులు బొటనవేలితో మీటే మంద్ర తీగలను ఆమె వేళ్ళతోనూ, పాట నడిచే పై తీగలను బొటనవేలితోనూ మీటేవారు. ఇళ్ళలో పని చేసుకుని బతికిన ఆమె, అరవై దాటాక వేదిక ఎక్కి, 1985లో గ్రామీ పురస్కారం అందుకునే దాకా పాడుతూనే ఉన్నారు.

విద్వాంసులను వెతకడం

గది ఎంచుకున్నాక ఆ సంస్థ వెబ్‌సైటులో కార్యక్రమాల పట్టిక తెరిచి, రాబోయే రెండు మూడు నెలలు చదవండి. పరిచయం లేని పేర్లే ఎక్కువగా ఉంటాయి, బెదరకండి. ఒక్కొక్క పేరు కింద నాలుగు వాక్యాల పరిచయం ఉంటుంది. అందులో ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరి బృందంలో వాయించారు అన్న వివరాల మీద దృష్టి పెట్టండి. బ్లూగ్రాస్‌కు ఆద్యుడైన బిల్ మన్రో బృందంలో పాడారని ఉంటే, అది మన దగ్గర ఫలానా మహావిద్వాంసుడి పక్కన వయొలిన్ సహకారం అందించారని చెప్పడంతో సమానం. డెల్ మెకూరీ అలా 1963లో మన్రో దగ్గర చేరి, తరువాత సొంత బృందంతో దశాబ్దాలు నడిచినవారు.

మంచి దారి ఇంకొకటి ఉంది. అమెరికా కేంద్ర ప్రభుత్వపు కళల సంస్థ 1982 నుంచి నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ అనే గౌరవాన్ని సంప్రదాయ కళాకారులకు ఇస్తోంది. మొదటి ఏడాది జాబితాలోనే బిల్ మన్రో, సోనీ టెర్రీ, బ్రౌనీ మెగీ ఉన్నారు. తరువాతి సంవత్సరాలలో మన అలీ అక్బర్ ఖాన్, జాకిర్ హుస్సేన్ పేర్లూ కనిపిస్తాయి. ఆ జాబితాలో ఇటీవలి పాతిక సంవత్సరాల పేర్లు చూసి, ఎవరు ఇంకా పర్యటిస్తున్నారో వారి సొంత వెబ్‌సైట్లలో సరిచూసుకోండి. నార్త్ కరొలైనాలో 1994లో మొదలైన మ్యూజిక్ మేకర్ ఫౌండేషన్ దక్షిణాదికి చెందిన పెద్దవయసు కళాకారులకు మందుల ఖర్చు మొదలుకొని కచేరీల ఏర్పాటు దాకా సాయం చేస్తుంది. వారు పరిచయం చేసే పేర్లు మరెక్కడా వినిపించనివి కావచ్చు, కానీ అసలు సరుకు చాలావరకు అక్కడే ఉంటుంది.

టికెట్టు

ఎప్పుడూ ఆ గది సొంత వెబ్‌సైటు నుంచే కొనండి. వెతికితే ముందు కనిపించే తిరుగు అమ్మకపు సైట్లు ముప్పై డాలర్ల కుర్చీకి వంద డాలర్లు అడగడం మామూలే, ఆ అదనపు డబ్బులో ఒక్క సెంటు కూడా పాడినవారికి చేరదు. ఈ గదుల్లో చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలు. ఏడాది సభ్యత్వం తీసుకుంటే టికెట్లు ముందుగా కొనుక్కునే వీలు, కొంత రాయితీ దొరుకుతాయి. ఏడాదిలో నాలుగైదుసార్లు వెళ్ళే ఉద్దేశం ఉంటే సభ్యత్వమే మేలు.

నాష్‌విల్‌లోని బ్లూబర్డ్ కఫే సంగతి వేరు. 1982లో తెరిచిన ఈ చోటు బారులు తీరిన మామూలు దుకాణాల మధ్య ఉంటుంది, బయటినుంచి చూస్తే ఇదేనా అనిపిస్తుంది. లోపల సుమారు తొంభై మందికి మాత్రమే చోటు ఉంటుంది, కాబట్టి రిజర్వేషన్లు తెరుచుకున్న నిమిషాలలోనే అయిపోతాయి. వారి సైటులో ఏ రోజు, ఏ వేళకు తెరుస్తారో చూసి, ఆ సమయానికి కంప్యూటరు ముందు సిద్ధంగా ఉండాలి. తత్కాల్ టికెట్టు కొట్టిన అనుభవం ఇక్కడ బాగా పనికొస్తుంది. ప్రతి కుర్చీకి కనీసం ఇంత తినాలి లేదా తాగాలి అన్న నియమం కూడా ఉంటుంది, దాన్ని ఖర్చులో కలుపుకోండి. ఆ ఊళ్ళోనే 1974 నుంచి బ్లూగ్రాస్‌కు ఆలవాలమైన స్టేషన్ ఇన్ ఉంది; బ్లూబర్డ్ దొరక్కపోతే నిరాశపడకుండా నేరుగా అక్కడికి వెళ్ళండి.

న్యూ ఆర్లీన్స్‌లో 1961లో మొదలైన ప్రిజర్వేషన్ హాల్‌లో ఒకే రోజు పలు ఆటలు ఉంటాయి, ఒక్కొక్కటి ముప్పావు గంట. మైకులు ఉండవు, బెంచీలు కొన్నే ఉంటాయి, మిగిలినవారు కింద కూర్చోవాలి లేదా వెనక నిలబడాలి. పెద్దవాళ్ళను తీసుకువెళితే కూర్చునే చోటు ఉన్న టికెట్టే కొనండి, డబ్బు కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. అలాగే ఏ గదికి వెళ్ళినా మెట్లు ఎన్ని, లిఫ్టు ఉందా, కుర్చీకి వీపు ఆనే వీలుందా అని ఫోన్ చేసి అడగండి; ఈ గదులు చాలావరకు పాత కట్టడాలు, నేలమాళిగలు, మేడ మీది గదులు.

వెళ్ళే ముందు చెవులను సిద్ధం చేసుకోవడం

రెండు మూడు రోజుల ముందు ఆ విద్వాంసుడి రికార్డింగులు కొన్ని వినండి, అయితే అన్నీ తాజావి కాకుండా ఒకటి పాతది, ఒకటి కొత్తది ఎంచుకోండి. గొంతు ఎలా మారిందో ఇంట్లోనే తెలిసిపోతే కచేరీలో పోల్చుకుంటూ కూర్చునే అవసరం ఉండదు. స్మిత్సోనియన్ సంస్థ 1987లో స్వాధీనం చేసుకున్న ఫోక్‌వేస్ రికార్డు సంస్థ తన పాత ఆల్బముల వెంట వచ్చిన వివరణ పుస్తకాలను ఉచితంగా చదువుకోనిస్తుంది. పాటల సాహిత్యం, ఏ ఊళ్ళో రికార్డు చేశారు, గిటారును ఏ శ్రుతిలో పెట్టారు అన్నవి అందులో ఉంటాయి. దక్షిణాది యాస మనకు వెంటనే పట్టుబడదు కాబట్టి సాహిత్యం ఒకసారి చదివి వెళ్ళడం ఎంతో మేలు చేస్తుంది.

పాలకొల్లు యు. శ్రీనివాస్ పుణ్యమా అని మాండొలిన్ మనకు కొత్తది కాదు. కానీ ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. బ్లూగ్రాస్‌లో వాడేది రెండేసి చొప్పున నాలుగు జతలుగా ఎనిమిది తీగలున్న, కరెంటుతో పని లేని వాద్యం. బిల్ మన్రో బాణీలో దాని ముఖ్యమైన పని తన వంతు కానప్పుడు తాళం పట్టడం: ఎదురు దెబ్బ మీద తీగలను చటుక్కున నొక్కి వదిలేయడంతో తబలా అంచున కొట్టినట్టు ఒక పొడి శబ్దం వస్తుంది. మొదటి పాటలో ఆ శబ్దాన్ని పట్టుకోండి, తక్కిన వాద్యాలు దాని చుట్టూ ఎలా సర్దుకుంటాయో కనిపిస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి

కుర్చీలకు నంబర్లు లేని చోట తలుపులు తెరిచే వేళకు పదిహేను నిమిషాల ముందు వరుసలో నిలబడండి. మామూలుగా కచేరీకి గంట ముందు తెరుస్తారు. అందరూ మధ్య వరుస వైపు పరుగెత్తుతారు. మీకు వాద్యం మీద ఆసక్తి ఉంటే మాత్రం పక్కకు కూర్చోవడం మంచిది. కుడిచేతి వాటం గిటారు విద్వాంసుడు మన ఎదురుగా కూర్చున్నప్పుడు గిటారు మెడ మన కుడివైపుకు వస్తుంది, కాబట్టి మెట్ల మీద నడిచే చేతిని చూడాలంటే కుడివైపు, తీగలు మీటే చేతిని చూడాలంటే ఎడమవైపు కూర్చోవాలి. వేళ్ళతో మీటే బ్లూస్ విద్వాంసుడైతే నేను రెండోదే సిఫారసు చేస్తాను. బొటనవేలు మంద్ర తీగల మీద గడియారంలా ఆగకుండా నడుస్తుంటే, మిగిలిన రెండు మూడు వేళ్ళు ఆ నడకకు అడ్డంగా పాట పలికిస్తాయి. రికార్డులో ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపించినది ఒకే చేయి అని కళ్ళతో చూస్తేగాని నమ్మబుద్ధి కాదు. కాళ్ళు కూడా చూడండి. క్రిస్ స్మిదర్ వంటివారు పాదాలతో చెక్క మీద వేసే తాళాన్ని మైకు పెట్టి మరీ వినిపిస్తారు.

బ్లూగ్రాస్ బృందం ఒకే మైకు చుట్టూ నిలబడి పాడేదైతే కాస్త వెనక్కి, ఏదో ఒక పక్కకు కూర్చోండి. శబ్దం పెంచడం, తగ్గించడం అక్కడ మీటల పని కాదు. ఎవరి వంతు వస్తే వారు మైకు దగ్గరికి జరుగుతారు, ఫిడిల్ కమాను పక్కవాడి టోపీకి తగలకుండా వంగుతారు, వంతు కాగానే వెనక్కి తప్పుకుంటారు. ముందు వరుసలో కూర్చుంటే ఈ కదలిక సగమే కనిపిస్తుంది.

పాట నడుస్తున్నప్పుడు

ఫోను ఆపేయండి, వైబ్రేషన్ మోడు చాలదు, చెక్క బల్ల మీద అది చేసే చప్పుడు గదంతా వినిపిస్తుంది. తినేవి, తాగేవి ఏమైనా కావాలంటే కచేరీ మొదలయ్యేలోగా తెప్పించుకోండి. రికార్డింగు చేయవచ్చా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ప్రిజర్వేషన్ హాల్‌లో ఆట నడుస్తుండగా ఫొటోలు తీయనివ్వరు. అనుమతి ఉన్నచోట కూడా ఒక ఫొటో తీసుకుని లోపల పెట్టేయడం మర్యాద. పక్కవారికి సాహిత్యాన్ని తెలుగులో వివరించాలని అనిపిస్తుంది, ముఖ్యంగా అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు. దాన్ని విరామం దాకా ఆపుకోండి.

మన కచేరీలలో సంగతి బాగుంటే అక్కడికక్కడే ‘భలే’ అంటాం, తలలూపుతాం, చేత్తో తాళం వేస్తాం. ఇక్కడ ఆ అలవాటును సందర్భాన్ని బట్టి వాడాలి. బ్లూగ్రాస్‌లోనూ, జాజ్‌లోనూ ఒకరి వంతు అయిపోగానే పాట మధ్యలోనే చప్పట్లు కొడతారు, కొట్టకపోతేనే వెలితి. ఒంటరిగా కథాగేయం పాడేవారి దగ్గర ఆఖరి తీగ మోత పూర్తిగా ఆగేదాకా చేతులు కదపరు. పల్లవి అందరినీ పాడమని గాయకుడు పిలిచినప్పుడు మొహమాటపడకుండా పాడండి. ఫోక్ కచేరీలో అది భాగం. పిలవకుండా పాడకండి. ఫలానా పాట పాడమని కేకలు వేయడం కూడా కూడదు, ఆయనకు ఆ పాట శ్రుతిలో ఇప్పుడు గొంతు అందకపోవచ్చు.

పాటకూ పాటకూ మధ్య శ్రుతి చేసుకోవడానికి చాలా సమయం పడుతుంది. బ్లూస్‌లో, తీగల మీద గాజు లేదా లోహపు గొట్టాన్ని జార్చే స్లైడ్ వాయించేటప్పుడు ఒక్కో పాటకు గిటారు తీగలను వేరే శ్రుతిలోకి మార్చాలి, అదొక నిమిషం పని. ఆ సమయంలో విద్వాంసులు కథలు చెబుతారు. కొందరి కచేరీలో కథలే సగం. బ్రూక్లిన్‌లో డాక్టరు గారి ఇంట 1931లో పుట్టి, పదిహేనేళ్ళ వయసులో ఇల్లు వదిలి రోడియోలో చేరి, ఆపైన జానపద గాయకుడు వుడీ గత్రీ వెంట తిరిగిన రాంబ్లింగ్ జాక్ ఇలియట్‌కు ఆ ముందుపేరు దేశం తిరిగినందుకు కాదు, కథ మొదలుపెడితే ఎక్కడెక్కడికో పోతారన్నందుకే వచ్చిందని చెప్పుకుంటారు. ఇలాంటివారి కచేరీకి వెళ్ళి ‘పాటలు తక్కువ, మాటలు ఎక్కువ’ అని విసుక్కునేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. హరికథలో పిట్టకథ తీసేయమన్నట్టు ఉంటుంది ఆ ఫిర్యాదు.

వయసు గురించి ఒక్క మాట చెప్పాలి. పెద్దవారు స్థాయి తగ్గించి పాడతారు, ఒక్కోసారి చరణం మరిచిపోయి నవ్వేస్తారు, వేగంగా వాయించే చోట స్వరాలు తగ్గించుకుంటారు. వినవలసింది ఆ తగ్గించుకోవడంలో వారు దేన్ని ఉంచారు, దేన్ని వదిలారు అన్నది. ప్రిజర్వేషన్ హాల్ తొలినాళ్ళ పియానో విద్వాంసురాలు స్వీట్ ఎమ్మా బారెట్‌కు 1967లో పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయింది. తరువాత ఏళ్ళ తరబడి ఆమె కుడిచేతితోనే వాయించారు, జనం వింటూనే వచ్చారు.

విరామం, ఆ తరువాత

కచేరీ సాధారణంగా ముప్పావు గంట చొప్పున రెండు భాగాలుగా ఉంటుంది, మధ్యలో పదిహేను, ఇరవై నిమిషాల విరామం. గది వెనక ఒక బల్ల మీద సీడీలు, ఎల్పీలు, చొక్కాలు పెడతారు. రికార్డులు కొనే ఉద్దేశం ఉంటే ఇక్కడే కొనండి. స్ట్రీమింగులో వేలసార్లు విన్నా రాని డబ్బు ఒక్క సీడీతో వారి చేతికి వస్తుంది. కొంత నగదు దగ్గర ఉంచుకోండి, కార్డు యంత్రం పనిచేయని రోజులుంటాయి. వీలైతే విరామంలోనే కొనేయండి, చివర్లో వరుస పెద్దదవుతుంది.

విద్వాంసులు స్వయంగా ఆ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటారు, పలకరించడానికి జంకనక్కరలేదు. ‘చాలా బాగుంది’ అని ఊరుకోకుండా ఒక్క నిర్దిష్టమైన ప్రశ్న వేయండి: మూడో పాటకు గిటారు ఏ శ్రుతిలో పెట్టారు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆ గిటారు ఏ ఏడాదిది. వారి ముఖంలో మార్పు మీకే తెలుస్తుంది. చేయి కలిపితే గట్టిగా నొక్కవద్దు. గంటన్నర తీగలు నొక్కిన వేళ్ళు, పైగా కీళ్ళనొప్పులు ఉండే వయసు. రెండు చేతులు జోడించి నమస్కారం పెడితే వారికీ సుఖం, మనకూ అలవాటైన పని. వెనక వరుస ఉంటుంది కనుక రెండు నిమిషాలలో పక్కకు తప్పుకోండి.

ఇంటి కచేరీకి పిలుపు వస్తే

నాలుగైదు కచేరీలు చూసి, మెయిలింగ్ జాబితాలలో పేరు చేరాక మీకు హౌస్ కాన్సర్ట్ అనే మాట తగులుతుంది. ఎవరో సంగీతాభిమాని తన ఇంటి హాలులో ముప్పై, నలభై మందిని కూర్చోబెట్టి విద్వాంసుడిని పాడిస్తారు. రెండు నగరాల మధ్య ఖాళీగా మిగిలిన మంగళవారమో, బుధవారమో ఇలా నిండుతుంది కాబట్టి పర్యటించేవారికి ఇది పెద్ద ఆసరా. చాలాచోట్ల ఆ రాత్రి భోజనం, పడక కూడా ఆ ఇంట్లోనే. అమెరికాలో కర్ణాటక విద్వాంసులను ఇంటికి పిలిచి కచేరీ పెట్టించుకున్న తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి విడమరిచి చెప్పనవసరం లేదు.

వస్తున్నామని రాసి ఖాయం చేశాకనే చిరునామా పంపుతారు, కాబట్టి రాసి వెళ్ళకపోవడం పెద్ద తప్పు. ముప్పై కుర్చీల్లో రెండు ఖాళీ అయితే కళాకారుడికి అది నేరుగా నష్టం. టికెట్టు ఉండదు, ఇరవై, ముప్పై డాలర్ల దాకా సూచించిన విరాళం ఉంటుంది, అది సాధారణంగా మొత్తం కళాకారుడికే పోతుంది. చిల్లర కోసం వెతికించకుండా సరిపడా నగదు కవరులో పెట్టి ఇవ్వండి. ఒక వంటకం తెమ్మని చెబితే పులిహోర చక్కగా సరిపోతుంది, చల్లారినా బాగుంటుంది. కానీ అందులో వేరుశనగపప్పు ఉందని కాగితం మీద రాసి గిన్నె పక్కన తప్పక పెట్టండి, పల్లీ అలర్జీ అక్కడ ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. చిన్నపిల్లలను తేవచ్చా అన్నది ముందే అడగండి.

దక్షిణాదికి ఒక ప్రయాణం

వారం రోజులు కారులో తిరిగే వీలుంటే సంగీతం పుట్టిన చోట్లకే వెళ్ళవచ్చు. అక్కడ మాత్రం ఇంతవరకూ చెప్పిన నిశ్శబ్ద నియమాలను పక్కన పెట్టాలి. మిసిసిపీలోని జూక్ జాయింట్లనే చిన్న మద్యశాలల్లో జనం మాట్లాడతారు, తాగుతారు, నాట్యం చేస్తారు. విద్వాంసుడు వారి మధ్యనే ఆ గోలతోనే వాయిస్తాడు, అదే అక్కడి పద్ధతి. క్లార్క్స్‌డేల్‌లో క్యాట్ హెడ్ అనే దుకాణం ఆ వారం ఎక్కడ ఎవరు పాడుతున్నారో పట్టిక పెడుతుంది, ఊళ్ళోకి వెళ్ళగానే ముందు అది చూడండి. బెంటోనియా అనే చిన్న ఊళ్ళో 1948 నుంచి నడుస్తున్న బ్లూ ఫ్రంట్ కఫే ఉంది. దాన్ని తెరిచిన దంపతుల కుమారుడు, 1947లో పుట్టిన జిమ్మీ ‘డక్’ హోమ్స్ 1970 నుంచి దాని యజమాని. పాతకాలపు బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్‌దైన ఆ ఊరికే ప్రత్యేకమైన విషాద శ్రుతిలో గిటారు వాయిస్తారు. అక్కడ కచేరీల పట్టిక ఉండదు, వెళ్ళిన వేళ ఆయన ఉంటే, వాయించాలనిపిస్తే వాయిస్తారు. ఏదైనా కొని తాగి, కాసేపు ఊరి సంగతులు మాట్లాడి, ఆ తరువాత అడగండి; వాయించాక నగదు ఇవ్వడం మరవకండి.

వర్జీనియాలోని హిల్టన్స్‌లో పాత కంట్రీ సంగీతానికి పేరుపడ్డ కార్టర్ కుటుంబపు వారసులు నడిపే కార్టర్ ఫోల్డ్ శనివారం రాత్రులు తెరుస్తుంది. మద్యం లేదు, కరెంటు వాద్యాలు లేవు, వేదిక ముందు ముసలివాళ్ళూ మనవలూ కలిసి చెక్కనేల మీద అడుగులు వేస్తారు. పెద్ద షెడ్డు వంటి చోటే, కానీ పిల్లలతో వెళ్ళడానికి ఇంతకు మించినది కనబడదు. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ ఆఖరి ప్రదర్శన 2003 జూలై 5న అక్కడే జరిగింది.

ఏ ప్రయాణానికైనా కచేరీ రోజు ఉదయం ఆ సంస్థ పేజీ ఒకసారి తెరిచి చూసుకోండి. ఎనభై ఏళ్ళవారి కార్యక్రమాలు జలుబుకో, విమానం రద్దుకో వాయిదా పడతాయి. డబ్బు వెనక్కి కావాలా, మరో తేదీకి మార్చాలా, సంస్థకు విరాళంగా వదిలేస్తారా అని మెయిలులో అడుగుతారు. మరో తేదీ ఇస్తే అదే తీసుకోండి.

లూజియానాలో ముగించేలా ప్రయాణం వేసుకుంటే శనివారం ఉదయానికి యూనిస్ పట్టణం చేరండి, లాఫయెట్ నుంచి గంట లోపు దారి. అకార్డియన్లు తయారుచేసే మార్క్ సవోయ్ 1966లో తెరిచిన సవోయ్ మ్యూజిక్ సెంటర్‌లో శనివారం పొద్దున్నే కేజన్ వాద్యకారులు కూడి వాయిస్తారు, వెళ్ళే వారం అది ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ప్రవేశ రుసుము లేదు, ఖాళీ చేతులతో వెళ్ళకుండా ఒక పెట్టెడు డోనట్లు పట్టుకెళ్ళడం మర్యాద. మధ్యలో ఉన్న కుర్చీలు వాయించేవారివి. మీరు గోడవారన నిలబడండి, పాట ఫ్రెంచి భాషలో సాగుతుంది కాబట్టి సాహిత్యం కోసం తంటాలు పడకుండా ఫిడిల్, ట్రయాంగిల్ ఎవరి వైపు చూసి మలుపు తిరుగుతున్నాయో గమనించండి. మధ్యాహ్నానికి వాద్యాలు సర్దేస్తారు, కాబట్టి తొమ్మిదింటికల్లా అక్కడ ఉండేలా బయలుదేరండి.